మృగయామైత్రి - దానధర్మము

(సంఘ వార్షిక మహాసభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



దానధర్మమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. దానమన్నంతనే శిబి, బలి, కర్ణుడు, రంతిదేవుడు మన కనులయెదుట నిలుతురు. వారి కథలు మీరు బాల్యమునుండియు వినుచున్నవే. వానిని మరల విన్నవించుట చర్వితచర్వణ మగును. కావున మేము నేడు వేఱొక త్రోవ బట్టుచున్నాము. వేటగాండ్రు తమలో తాము ఒకరికొకరు ఇచ్చికొన్న కానుకలను గూర్చి ముచ్చటింపదలచితిమి. బడిపంతులునకు వేటతో నేమి పని యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నిజమే, మేము జన్మమందు తుపాకి పట్టినవారము కాము. ముప్పదియేండ్లకు పైబడి విద్యార్థుల వ్రాతపుస్తకములలో తప్పులను వేటాడుటయే మే మెఱిగిన వేట. అయినను ఈ విషయమును గైకొనుటకు కారణము కలదు.

దీనునకు ధనవంతు డిచ్చుట లోకమున సామాన్యము. శిష్యునకు గురువిచ్చును, బిడ్డకు తండ్రి యిచ్చును. ఇచ్చువాడు పైనను, పుచ్చుకొనువాడు క్రిందను ఉందురు గనుక అందు ఆశ్చర్యము లేదు. ఒకే మృగమునకై గుఱిపెట్టిన ఇద్దఱు వేటగాండ్ర స్థితి అట్టిది కాదు. ఒకరికి దక్కినది ఇంకొకరికి దక్కదు. వారు మిత్రులే, కాని పోటీదారులు కూడ. అట్టివారిలో నొకడు తన చేతిలోని మేలైన వస్తువును రెండవవాని చేతిలో పెట్టినచో ఆ దానమునకు గల బరువు వేఱు. ఆ బరువును తూచి చూచుటయే నేటి మా ప్రయత్నము.

మన పూర్వులు వేటను గూర్చి ఏకాభిప్రాయము కలవారు కారు. మనువు కామమువలన బుట్టు వ్యసనములలో మిక్కిలి చెడ్డవి నాలుగింటిని చెప్పి, మద్యముతోను జూదముతోను వేటను కలిపి లెక్కించెను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వేటను జూదముతో పోల్చి, జూదమే యెక్కువ హానికరమని తీర్పు చెప్పెను. వేటవలన శరీరమునకు వ్యాయామమును, కదలు గుఱిని కొట్టు నేర్పును, మృగముల మనోభావములను తెలిసికొను శక్తియు కలుగునని లెక్కించి చూపెను. కాళిదాసు శాకుంతలము రెండవ అంకమున సేనాపతి చేత వేటను పొగడించి, విదూషకుని చేత ఎగతాళి చేయించి, చివరకు రాజుచేతనే వేటను మాన్పించెను. దశరథుడు శబ్దమును బట్టి బాణమువేసి మునికుమారుని చంపుటయు, పాండురాజు జింకరూపమున నున్న మునిని కొట్టి శాపము పొందుటయు మీ రెఱిగినవే. కావున మేము వేటను పొగడుటకు రాలేదు. పంకమునుండి పంకజము పుట్టినట్లు, ఆ వ్యసనముననుండియు ఒక్కొక్కప్పుడు మహోదారమైన కార్యము పుట్టినదని చెప్పుటకు వచ్చితిమి.

ఇట్టి కానుకలలో మొదటిది మహాభారతము వనపర్వమందలిది. అర్జునుడు తపము చేయుచుండ మూకాసురుడు పందిరూపమున మీదికి వచ్చెను. అర్జునుడు బాణము వేసెను. అదే క్షణమున కిరాతరూపమున వచ్చిన పరమేశ్వరుడును వేసెను. పంది పడినది, తగవు లేచినది. "మృగము నాది, ముందు గొట్టినవాడను నేను" అని యిద్దఱును పట్టుబట్టిరి. వేటగాండ్రలో ఈ వివాదము నేటిది కాదు. మొదటి దెబ్బ యెవరిదో మృగము వారిదేనను కట్టుబాటు దొరల కాలపు పులివేటలలోను ఉండెను. కైలాసపతికిని పాండవమధ్యమునకును నడుమ కలహము వచ్చినదియు ఆ కట్టుబాటు దగ్గఱనే. అక్షయతూణీరములు సైతము ఖాళీ యయ్యెను. మల్లయుద్ధమునను ఓడి అర్జునుడు మట్టితో శివలింగమును చేసి పూజింపగా, తా నర్పించిన పూలదండ ఎదుటి కిరాతుని శిరస్సుపై కనబడెను. అంతట శివుడు పాశుపతమును ప్రసాదించెను. భారవి ఈ కథనే పదునెనిమిది సర్గముల కావ్యముగా రచించెను. మన శ్రీనాథుడు హరవిలాసమున దీనిని చేర్చెను. బెజవాడ యింద్రకీలాద్రియే ఆ తపోభూమి యని మన తెలుగువారి నమ్మకము.

ఇందు గమనింపవలసినది యేమనగా, పాశుపతము గెలిచినవానికి వచ్చిన బహుమానము కాదు. గెలిచినవాడు ఓడినవాని కిచ్చిన కానుక. పంది యెవరిదను ప్రశ్నకు జవాబు చెప్పనవసరము లేకయే పోయినది. పందికై వచ్చినవాడు పాశుపతముతో తిరిగి పోయెను. కలహమునకు కారణమైన వస్తువుకంటె కొన్ని కోట్ల రెట్లు గొప్పదానిని ఇచ్చినచో కలహము దానంతట అదియే నశించును. దాయాదుల పొలము గట్టు తగవులలో తలనెరిసిన పెద్దలు ఈ సభలో చాలమంది కలరు. ఈ సూక్ష్మము వారికి మేము వివరింప నక్కఱలేదు.

పురాణమును విడిచి మన నగరమునకే వత్తము. చార్మినారునకు దక్షిణముగా సుమారు అయిదు కిలోమీటర్ల దూరమున కొండమీద ఫలక్‌నుమా సౌధము కలదు. ఆకాశమునకు అద్దమువంటిదని ఆ పేరునకు అర్థము. దానిని కట్టించినవారు నిజాము కారు. పాయగా ప్రభువగు నవాబు సర్ వికారుల్ ఉమరా కట్టించెను. వీరి పేరుమీదనే వికారాబాదు వెలసినది. ఆ సౌధమునకు 1884వ సంవత్సరము మార్చి 3వ తేదీన శంకుస్థాపన జరిగెను. పని ముగియుటకు తొమ్మిదేండ్లకు పైగా పట్టెను. ఇటలీ చలువఱాయి, నూటొక్క మంది ఒక్కసారి కూర్చుండి భుజింపదగిన బల్ల, విండ్సరు కోటలోని గ్రంథాలయపు పైకప్పును బోలిన పైకప్పుగల గ్రంథాలయము, ఇట్టి వన్నియు అం దమర్చిరి. వికారుల్ ఉమరా 1893 మొదలు 1901 వరకు రాజ్యమునకు ప్రధానమంత్రిగా నుండెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానునకు సోదరిని బెండ్లాడి బావ యయ్యెను.

మహబూబ్ అలీఖాను 1866లో పుట్టి, మూడేండ్లు నిండకమునుపే 1869లో సింహాసన మెక్కి, 1884లో పూర్ణాధికారమును పొందెను. ఆయన వేటలో అసమానుడని పేరు. ముప్పదికి పైగా పులులను కొట్టెననియు, తీస్‌మార్‌ఖాన్ అను మాట ఆయనపరముగనే నగరమున వాడుకకు వచ్చెననియు ప్రతీతి. ఆయన వేటవిడుదుల ఛాయాచిత్రములను రాజా దీనదయాళ్ తీసెను. ఆ చిత్రములలో ఏనుగులును, గుడారములును, నేలపై చాచిన పులులును నేటికిని చూడవచ్చును. ఓరుగల్లు సీమలోని నెక్కొండ దగ్గఱ 1902లో లార్డు కర్జను పులివేట కాడినదియు ఆ అడవులలోనే. నాటి ప్రభువులందఱివలెనే పాయగా ప్రభువులకును వేట నిత్యవినోదము. కావున నిజామును, వికారుల్ ఉమరాయు బంధుత్వముచేతనే కాక వేటవలనను చెలికాండ్రు.

సౌధము పూర్తియైన పిదప నవాబుగారు నిజామును విందునకు బిలిచిరి. నిజాము వచ్చి, చూచి, అక్కడనే కొన్నాళ్లు విడిది చేసెను. ఆయనకు ఆ మేడ మిక్కిలి నచ్చినదని గ్రహించిన వికారుల్ ఉమరా దానిని ప్రభువునకు నజరుగా సమర్పించెను. పదియేండ్ల శ్రమను, తలకు మించిన వ్యయమును, కట్టించినవాని ముచ్చటను ఒక్క మాటతో ఇచ్చివేసెను. ఇంతవరకు కథ నగరమున అందఱును చెప్పుకొనునదే. కాని కొందఱు ఇక్కడ కన్ను గీటుదురు. కట్టుటకై చేసిన యప్పులు మీద పడగా, ఇచ్చుట యను మిషతో నవాబుగారు బరువు దించుకొనిరని వారి మాట. ఆ మాటలో కొంత నిజ మున్నను మాకు బాధ లేదు. అప్పులో నున్నవాడు తన కడపటి ఆస్తిని బేరమునకు పెట్టక, "ఇది తమది" అనగలుగుట సామాన్యమైన గుండెయా? బేరమాడిన యెడల ఎదుటివాడు ఏమిచ్చునో తెలియును. ఊరక ఇచ్చిన యెడల తెలియదు. ఆ తెలియనితనమును భరించుటయే దానము.

నిజాము ఆ మేడను ఊరక పుచ్చుకొనలేదు. దానికి వెలకట్టి పైకము చెల్లించెను. 1897 ప్రాంతమున ఆ సౌధము రాజ్యపు అతిథిగృహ మయ్యెను. 1906లో వేల్సు యువరాజుగా వచ్చిన అయిదవ జార్జి అక్కడనే విడిదిచేసెను. మహబూబ్ అలీఖాను 1911 ఆగష్టు 29న కన్నుమూసినదియు అక్కడనే. ఇచ్చినవాడు అంతకు పూర్వమే, 1902లో గతించి యుండెను. 2010 నుండి అది విలాసవంతమైన హోటలుగా నున్నది. వెలయిచ్చినవా రెవరైనను అందు ఒక రాత్రి నిద్రింపవచ్చును. వేటలు పోయినవి, పులులు పోయినవి, రాజ్యమును పోయినది. ఒకరి కొకరు తగ్గక చేసిన ఆ వ్యవహారము మాత్రము మాటగా నిలిచినది.

సంస్కృతము చదివినవానికి ఇక్కడ రఘువంశము అయిదవ సర్గము స్ఫురింపకుండునా? కౌత్సుడు గురుదక్షిణకై పదునాలుగు కోట్లను కోరి రఘుమహారాజు నొద్దకు వచ్చెను. రఘువు విశ్వజిద్యాగమున సర్వమును ధారవోసి యుండెను. అతిథికి అర్ఘ్యమిచ్చుటకు బంగారుపాత్ర లేక మట్టిపాత్రతో ఎదురువచ్చెను. కుబేరునిపై దండెత్త నిశ్చయింపగా, తెల్లవారునప్పటికి కోశాగారమున బంగారము కురిసెను. రఘువు ఆ రాశి నంతయు గొనిపొమ్మనెను. కౌత్సుడు గురువునకు చెల్లవలసినదానికి మించి ఒక్క కాసైనను ముట్టనని భీష్మించెను. ఆ యిద్దఱిలో ఎవరిని మెచ్చుకొనవలెనో తెలియక అయోధ్యాపురవాసులు ఇద్దఱిని మెచ్చుకొనిరని కవి చెప్పెను. మన లోకమున దాతను పొగడువారే కాని గ్రహీతను పొగడువారు లేరు. కాళిదాసు ఇద్దఱిని సమానముగా నిలిపెను. అందువలననే ఆయన మహాకవి.

ఇంకొక్క వేటగాని కథ చెప్పి ఈ భాగమును ముగింతుము. శృంగిబేరపురమున నిషాదరాజగు గుహుడు అడవికి బోవుచున్న శ్రీరామున కెదురేగి, ఈ నేలయంతయు నీదే, మేము నీ సేవకులము, నీవే యేలుకొమ్మని తన రాజ్యమును ఇవ్వజూపెను. ఆనాటి ఉదయమువఱకు అయోధ్య తనదని యెంచుకొన్న కోసలపు ప్రజలు కన్నీరు మాత్రమే ఇవ్వగలిగిరి. అడవిలోని వేటఱేడు రాజ్యమునే యిచ్చెను. రాముడు దానిని పుచ్చుకొనలేదు, త్రోసివేయనులేదు. గుహుని కౌగిలించుకొని, తాను ప్రతిగ్రహము చేయరాని వ్రతమున నున్నానని చెప్పి, తన తండ్రికి ప్రియములైన గుఱ్ఱములకు మేత మాత్రము పెట్టింపుమని అడిగెను. చూడుడు, ఎంత నేర్పు! ఏమియు వలదన్నచో గుహుని మనసు నొచ్చును. రాజ్యము గైకొన్నచో వ్రతము చెడును. గుఱ్ఱములకు గడ్డి యడుగుటచేత ఇచ్చువాని చేయి ఖాళీగా దిగకుండ చేసెను. మఱియు ఇచ్చినవాడు నిషాదుడు, ఇవ్వబడినవాడు ఇక్ష్వాకువంశ్యుడు. ఆ నడుమ కులప్రశ్న లేవనే లేదు. ఈ మాటను మీరు మనసున నుంచుకొనుడు. దీనితో మాకు ముందు పని గలదు.

సోదరులారా! నేడు మన దేశమున వేట లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినప్పటినుండి అది నేరము. నిజాములు వేటాడిన నేలలే నేడు మృగములకు అభయస్థానములు. మెదకు సీమలోని పోచారము అడవి 1952లో అభయారణ్య మయ్యెను. వనస్థలిపురము చెంత పూర్వము వేటభూమిగా నున్న చోటు 1975లో మహావీర హరిణ వనస్థలి యయ్యెను. అచ్చట కృష్ణజింకలు నేడు నిర్భయముగా మేయుచున్నవి. చంపుటకై కాపాడిన అడవి బ్రదికించుటకై మిగిలినది. ఇదియు ఒక అనుకోని దానమే.

వేట లేదంటిమి గాని, ఒక వేట మాత్రము మన పేటలలోనే రాత్రింబవళ్లు సాగుచున్నది. దానిపేరు ఉద్యోగములవేట. అశోక్‌నగర్ సందులలో ఇంటింటికి ఒక శిక్షణకేంద్రము, మేడమేడకు ఒక హాస్టలు, మూలమూలకు ఒక స్టడీహాలు ఉన్నవి. పాలమూరునుండి, ఆదిలాబాదునుండి, నల్లగొండనుండి వచ్చిన యువకులు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున తలదాచుకొందురు. తెల్లవారకమునుపే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి బల్లవద్ద చోటు పట్టుకొందురు. వారి వేట యెంత దీర్ఘమో చూడుడు. గ్రూపు-1 కొలువులకు 2022 అక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు వెలివడుటచేత రద్దయ్యెను. 2023 జూనులో మరల జరిగెను. న్యాయస్థానము దానిని రద్దుచేసెను. 2024లో 563 కొలువులకు క్రొత్త ప్రకటన వచ్చి, మూడవసారి వ్రాసిరి. గ్రూపు-2 కొలువులు 783. వానికి ప్రకటన 2022లో వెలువడగా పరీక్ష 2024 డిసెంబరున గాని జరుగలేదు. తండ్రి పంపు పైకము ఆగకుండ, వయసు మీఱకుండ, ఆశ చావకుండ అంతకాలము గుఱిపెట్టి కూర్చుండుట మాటలా?

మేము కొలువునుండి విశ్రాంతి గొన్న తరువాత దినమున రెండు మూడు గంటలు ఆ గ్రంథాలయమున గడుపుచుందుము. మా కెదుటి బల్లవద్ద ఇద్దఱు యువకులు నాలుగేండ్లుగా కూర్చుండెడివారు. ఒకే పరీక్ష, ఒకే కొలువు, ఒకే బల్ల. 2024 శరత్తున వారిలో నొకనికి డెంగీజ్వరము తగిలి నెలదినములు రాలేకపోయెను. వచ్చునప్పటికి పరీక్షకు నలుబది దినములు కూడ లేవు. అప్పుడు రెండవవాడు తాను రెండేండ్లు శ్రమపడి స్వహస్తముతో వ్రాసికొన్న నోట్సు నాలుగు పుస్తకములు తెచ్చి వాని ముందుంచెను. మేము ఆశ్చర్యపడి, వెలుపల టీ బండివద్ద ఆ పిల్లవానిని అడిగితిమి: "నాయనా, వానికి నీకంటె ఒక్క మార్కు ఎక్కువ వచ్చి కొలువు వానికి పోయినచో?"

వాడు నవ్వి చెప్పిన మాటను వాని నుడికారముననే చెప్పుచున్నాము: "పోనీ తియ్యుండ్రి సార్. జరమొచ్చి పండుకున్నోని మీద గెలిస్తె గెలిచినట్టేనా?"

కూర్చున్న పిట్టను కొట్టరాదనునది మేలైన వేటగాండ్ర నియమమని పెద్దలు చెప్పుదురు. ఆ పిల్లవాడు తుపాకిని ఎన్నడైనను చూచెనో లేదో! నియమము మాత్రము వాని నెత్తుట నున్నది.

ఇక పుచ్చుకొన్నవాని సంగతి వినుడు. మూడవనాటి ఉదయమున వాడు ఆ నాలుగు పుస్తకములను తిరిగి తెచ్చి యిచ్చెను. జిరాక్సు తీయించుకొని ఊరకుండలేదు. తనకు బాగుగా వచ్చిన భూగోళ భాగమున మిత్రుడు వదలిన విషయములను పుటల అంచులలో పెన్సిలుతో వ్రాసి, రెండు పటములు గీచి యిచ్చెను. జ్వరమునుండి లేచినవాడు, దినములు లెక్కబెట్టుకొనుచున్నవాడు, రెండు రాత్రులు అందుకు వెచ్చించెను. ఇది ఫలక్‌నుమాకు చెల్లించిన వెల కాదా? రఘుకౌత్సుల పోటీ కాదా? ఎవరికి కొలువు వచ్చెనని మీ రడుగుదురు. ఆ పర్యాయము ఇద్దఱికిని రాలేదు. ఒకడు వేఱొక చిన్న కొలువున చేరి మండలమున పనిచేయుచున్నాడు. నోట్సు ఇచ్చినవాడు ఇంకను ఆ బల్లవద్దనే యున్నాడు. వారి కులములను మేము అడుగలేదు. వారు ఒకరినొకరు అడిగినట్లును మాకు తోచలేదు.

దీనికి మాఱుగా ఇంకొక సంగతి చెప్పక తప్పదు. చాలకాలము క్రిందట ఒకచోట పేదవిద్యార్థులకు వేతనము లిచ్చు సభ జరిగెను. అట్టతో చేసిన నిలువెత్తు చెక్కును విద్యార్థిచేత పట్టించి, దాతను ప్రక్కన నిలిపి, ఛాయాచిత్రములు తీసి పత్రికలకు పంపిరి. మా విద్యార్థి యొకడు అందు పుచ్చుకొనెను. మరుసటియేడు వానికి అర్హత యున్నను దరఖాస్తు పెట్టలేదు. ఏమిరా యని యడిగితిమి. "ఆ ఫోటో మా ఊళ్లె అందరు చూసిన్రు సార్. మా నాయిన నలుగుర్ల కూసునుడు బంద్ చేసిండు" అనెను. వేయి రూపాయ లిచ్చి ఒక తండ్రిని రచ్చబండమీదనుండి దింపితిమి. ఇచ్చినవారి ఉద్దేశము మంచిదే, పద్ధతి చెడ్డది. రాముడు గుహుని చేతిని ఖాళీగా దింపలేదు. మనము పుచ్చుకొనువాని తలను దింపరాదు.

సభ్యులారా! నేటి తీర్మానములలో చదువుశాల నిర్మాణమును గూర్చిన దొకటి గలదని విన్నాము. దానికి దాతలు ముందుకు వచ్చినందులకు మిక్కిలి సంతోషము. అందు మన కులపు పిల్లలకు మాత్రమే ప్రవేశ మీయవలెనా, తక్కినవారికిని ఈయవలెనా యను చర్చ జరుగుచున్నదనియు విన్నాము. మన పైకముతో కట్టినదానిలో మన పిల్లలకు చోటు లేకపోవునేమో యని భయపడువారి మాట త్రోసివేయదగినది కాదు. చోటు కొంచెము, పిల్లలు పెక్కుమంది. కావున మన పిల్లలకు కొన్ని బల్లలు ప్రత్యేకించుకొనుడు, అది న్యాయమే. తక్కిన బల్లలవద్ద ఎవడు ముందు వచ్చిన వాడు కూర్చుండునుగాక! నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు 1928లో బాలికల పాఠశాలను స్థాపించినప్పుడు తెలుగు బాలికల కని స్థాపించిరి. ఒక్క కులపు బాలికలకని స్థాపించియుండినచో నేటికి మన మెవ్వరము దాని పేరు తలచుకొనకయే యుందుము.

మఱియు మూడు చిన్న మనవులు. మొదటిది: ఇచ్చువారు అడిగించుకొనక యీయుడు. అడిగిన తరువాత నిచ్చినది సగము వెలపోయిన వస్తువు. రెండవది: పుచ్చుకొనువాని పేరును, ముఖమును గోప్యముగా నుంచుడు. దాతల పేరులు చలువఱాతిమీద చెక్కించుడు, తప్పులేదు; గ్రహీతల పేరులు మాత్రము కార్యదర్శిగారి పెట్టెలో నుండనిండు. మూడవది పిల్లలకు: మీరు పుచ్చుకొన్నదానిని ఆ యువకునివలె పుట అంచులలో ఏదైన చేర్చి తిరిగి యీయుడు. చదువుశాలలో ఒక బీరువాను ప్రత్యేకించి, పరీక్షలు ముగించినవారి నోట్సులను అందుంచిన బాగుండునని మా యాశ. కొలువు వచ్చినవాడు తన నోట్సు నిచ్చుట మంచిదే. రానివాడు ఇచ్చుట అంతకంటె గొప్పది. ఆ బీరువాకు పెద్ద ఖర్చు కాదు. దాని వెలను మేమే చెల్లింతుమని ఈ సభాముఖమున మాట యిచ్చుచున్నాము. దానిమీద మా పేరు వ్రాయింపవలదని కార్యదర్శిగారికి మనవి.

పందికై వచ్చినవాడు పాశుపతమును పొందెను. విందునకు వచ్చినవాడు సౌధమును పొందెను. మన పిల్లలు కొలువునకై వచ్చినారు. కొలువు అందఱికి దొరకదు. 783 కొలువు లనగా 783 మందికే. కాని దొరకనివాడు సైతము ఈ పేటనుండి తిరిగి పోవునప్పుడు, ఎదుటి బల్లవాడు తనకొక మేలు చేసెనను జ్ఞాపకముతో పోవలెను. అట్టి జ్ఞాపకములను కలిగించునదే సంఘము.



స్వస్తి.